అన్వర్ ఆపేసిన నల్

"నల్ వస్తాంది! నల్ వస్తాంది!"

మేడ మీది గదిలోంచి అన్వర్ ఈ కేక పెట్టేటప్పటికి మా సందులో ఎండ గోడలు దిగి అరుగుల మీదికొచ్చింది. మొన్నటి నుంచీ ఎవరింట్లోనూ నీళ్ళు లేవు. నంద్యాల ఎండాకాలంలో నీళ్ళు లేని మనిషికి చెవులు రెట్టింపు పనిచేస్తాయి.

మా సందులో కొళాయిని కొళాయి అనేవాళ్ళు లేరు. సగం ఇళ్ళలో ఉర్దూ, సగం ఇళ్ళలో తెలుగు, అన్ని ఇళ్ళలోనూ నల్. ఉర్దూ ఇళ్ళలోంచి తెలుగు ఇళ్ళలోకి నీళ్ళకంటే ముందు పారిన మాట అది. నీళ్ళలాగా మధ్యలో ఎన్నడూ ఆగలేదు కూడా. కాబట్టి ఆ కేక వినగానే తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. బిందెలు, బకెట్లు, పెయింటు డబ్బాలు, ఒకరింట్లోంచి పసిపిల్ల స్నానాల తొట్టి కూడా బయటికొచ్చాయి. అందరికంటే ముందు సరోజమ్మ. మా సందుకు ఓట్లు వేయకుండా ఎన్నికైన పెద్ద ఆమె. చంకలో ఒక బిందె, చేతిలో ఒక బిందె, నోట్లో కొంగు. నల్ దగ్గరికి పోయి తిప్పింది.

స్‌స్‌స్ అంది నల్.

"యాడొస్తాందప్పా? గాలి వస్తాంది!" అని సరోజమ్మ మేడ వైపు చూసింది.

అన్వర్ కిటికీకి వీపు పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి, తన లోకంలో తానున్నాడు. గొంతు మాత్రం మా లోకంలోకి వస్తోంది. "ఔ హర్షా, మళ్ళా అదే నల్. నువ్వు ఊరికే ఉండు. నల్ వచ్చే దావలన్నీ నేను మూసేస్తా. ఇంగ ఈ జన్మలో ఒక్క నల్ రానీయను!"

అందరి తలలూ మేడ వైపు తిరిగాయి.

"విన్యారా?" అంది సరోజమ్మ. "రానీయడంట! దావలు మూసేస్తాడంట!"

నేను ఎదురింటివాణ్ణి. పెళ్ళిపత్రికలు అచ్చేసే ప్రెస్సు నడుపుతాను కాబట్టి ఒక్క అక్షరం జారితే ఎంతెంత జారిపోతాయో నాకు తెలిసుండాలి. కానీ ఆ పూట నా చేతిలో కూడా బకెట్ ఉంది.

"ఏమప్పా, నువ్వు పోయి అడుగు. నీకు మాటలెక్కువ గదా," అని సరోజమ్మ నన్ను పైకి తోలింది.

పైకి పోయేసరికి అన్వర్ ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. వాళ్ళమ్మ ఖాజాబీ టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది.

"పూల్‌లో కనెక్షన్లన్నీ వాడిపోయినాయి హర్షా," అంటున్నాడు అన్వర్.

"వాడిపోతే పారేయ్ బేటా," అంది ఖాజాబీ. "సాయంత్రం మంచి మల్లెపూలు తెస్తాలే."

వాడన్న పూల్ ఇంగ్లీషుది, కనెక్షన్లన్నీ కలిపి దాచుకునే చోటట. అన్వర్ నవ్వలేదు. ఆ పిల్లవాడు నవ్వకపోతే సంగతి పెద్దదేనని నాకు అర్థమైంది. బకెట్ కింద పెట్టి దాని మీదే కూర్చున్నాను. ఫోన్ పెట్టేశాక వాడు చెప్పింది ఇదీ.

ఖాజాబీ ఎవరడిగినా "మావోడు లైబ్రరీలో పని చేస్తాండాడు" అంటుంది. అబద్ధం కాదు. ఒకసారి సరోజమ్మ "అయితే వారపత్రికలు తెచ్చియ్యమను, చదివి ఇచ్చేస్తా" అని కూడా అంది. కాకపోతే ఆ లైబ్రరీలో పుస్తకాలుండవు. మనం హోటల్లో కూర్చుని "ఉగ్గాని ఉందా?" అని అడుగుతాం. లేచి వంటగదిలోకి పోము. సర్వరు పోయి, చూసి, వచ్చి చెప్తాడు. ఆసుపత్రులూ అంగళ్ళూ వాడే కంప్యూటర్లకు కూడా అలాంటివాడొకడు కావాలి. సమాచారమంతా పెట్టుకున్న డేటాబేస్ అనే వంటగది ఎక్కడో దూరంగా ఉంటుంది. అక్కడికి పోయి అడిగివచ్చే ప్రోగ్రామును క్లయింట్ లైబ్రరీ అంటారు. కంప్యూటర్ వాళ్ళు మాత్రం వంటగదినే సర్వర్ అంటారట. ఆ పేరు పెట్టిన పొద్దున వాళ్ళు టిఫిన్ తినలేదనుకుంటాను. హైదరాబాదులో ఉండే హర్ష అనే అతని చిన్న కంపెనీ ఇలాంటి లైబ్రరీ ఒకటి తయారుచేసి నడుపుతోంది. దాని బాగోగులు చూసేవాడు మా అన్వర్.

ఇప్పుడు సర్వరు వంటగదికి పోతే తలుపు మూసి ఉందనుకోండి. లేదా దారిలో జారిపడ్డాడనుకోండి. వచ్చి "తలుపు మూసుందన్నా, ఉగ్గాని ఉందో లేదో తెలియలేదు" అని చెప్పాలి. మా అన్వర్ లైబ్రరీలోని సర్వరు మహా మర్యాదస్తుడు. గిరాకీ నొచ్చుకుంటాడని, తుండుతో మొహం తుడుచుకుని "ఉగ్గాని లేదన్నా" అంటాడు. "తెలియలేదు" అనే మాటలో "తెలియ"ను తాను మింగేసి, "లేదు"ను మాత్రం పళ్ళెంలో పెట్టి తెస్తాడు. కంప్యూటర్ భాషలో ఆ "లేదు" పేరే నల్.

ఉగ్గాని లేదంటే బజ్జీలు తిని లేచిపోతాం. ఆళ్ళగడ్డలో అన్వర్ చెల్లెలు నిలోఫర్ కోసం అడిగింది రక్తం.

నిలోఫర్‌కు నెలలు నిండాయి. మొదటి కాన్పులో రక్తం ఆగలేదు. బిడ్డ దక్కలేదు, తాను దక్కింది. ఆమెది ఓ నెగటివ్. "ఓ" అని పిలిస్తే "నెగటివ్" అనే జవాబే వచ్చే రక్తం. అప్పుడు ఆమె ప్రాణం నిలబెట్టింది ఆళ్ళగడ్డ నర్సింగ్ హోమ్‌లో డాక్టర్ జెస్సికా. అందుకే ఈసారి కూడా ఆ చేతుల మీదే కంటాను, కర్నూలు రాను అని నిలోఫర్ పట్టుబట్టి కూర్చుంది. కర్నూలు అన్న మాట వింటేనే ఆ పిల్ల ఏడుస్తోందట. తెలియని ఊరు, తెలియని మొహాలు, తెలిసిన భయం.

ఆళ్ళగడ్డ నర్సింగ్ హోమ్‌లో రక్తం దాచే ఫ్రిజ్ లేదు. ఉన్న ఫ్రిజ్‌లో మందులూ, డాక్టరమ్మ మజ్జిగా ఉంటాయి. రక్తం నంద్యాలలోని ఒక బ్లడ్ బ్యాంకు నుంచి రావాలి. పేరు పెట్టి పక్కన దాచే పద్ధతి అక్కడ లేదు. ముందు ఎవరి ప్రాణం మీదికొస్తే వాళ్ళకు ఇచ్చేస్తారు. కాబట్టి ఆపరేషన్ నాటి పొద్దునే ఆళ్ళగడ్డ కంప్యూటర్‌లో అడగాలి, అది "ఉంది" అనాలి.

పోయిన వారం ఊరికే అడిగి చూస్తే స్క్రీన్ "లేదు" అంది. నిలోఫర్ భర్త సలీం, శిల్పాల అంగట్లో రాతికి పాలిష్ పట్టే మనిషి, గాభరాపడి నంద్యాలకు ఫోన్ చేశాడు. అక్కడి టెక్నీషియన్ వినీత్ కూడా అదే స్క్రీన్ చూసి "లేదన్నా" అన్నాడు. సలీం అన్వర్‌కు చేశాడు, అన్వర్ మళ్ళీ వినీత్‌కు చేశాడు.

"వినీత్, ఒగసారి ఫ్రిజ్ తలుపు తీసి చూడప్పా."

"స్క్రీన్ మీద లేదని ఉంది గదన్నా. మళ్ళా తలుపెందుకు? చల్లదనం పోతాది."

"పోతే పోనీ. తీయి."

తలుపు తీసిన చప్పుడు. తర్వాత వినీత్ గొంతు, ఆ ఫ్రిజ్‌లోంచే వచ్చినంత చల్లగా: "ఉండాయన్నా. ఓ నెగటివ్. ఈడ్నే ఉండాయి."

రక్తం ఉంది. దారిలో ఎక్కడో కనెక్షన్ తెగింది. ఎర్రర్ వచ్చింది. దాన్ని లైబ్రరీ మింగేసింది. ఎర్రర్ కనపడకుండా పోయేసరికి ఎర్రటి సంచులు కూడా కనపడకుండా పోయాయి.

సంగతి విన్న డాక్టర్ జెస్సికా సలీంతో ఒకటే మాట అన్నదట. "మీ బావమరిది కంప్యూటర్‌ను నేను నమ్మచ్చునా, లేదా? గురువారం ఆపరేషన్, ఆ లోపల చెప్పమను. అది లేదంటే నిజంగా లేకపోవాల. అట్ల కాదంటే కర్నూలుకు తీసుకపోండి. ఆ పిల్ల కడుపు మీద కత్తి పెట్టినాక నేను ఊరూరి ఫ్రిజ్‌లు తెరిపించలేను."

"అదీ అన్నా," అన్నాడు అన్వర్. "గురువారం లోపల ఈ నల్‌లు ఆపకపోతే నిలోఫర్‌ను బలవంతంగా కర్నూలు కారెక్కించాల."

"మరి ఆ హర్ష ఏమంటాడు?"

"ఆయన బాధ ఆయనది." ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి వాడు స్పీకర్ పెట్టాడు.

"అన్వర్, నువ్వు చేసేది తప్పని నేను అనట్లేదు," అన్నాడు హర్ష. "కానీ స్క్రీన్ మీద 'తెలియలేదు' అని వస్తే కొనేవాళ్ళు ఏమనుకుంటారు? మన సాఫ్ట్‌వేర్‌కు ఏమీ తెలీదనుకోరా? ఇన్నేళ్ళు 'లేదు' అని వచ్చింది, ఒక్కరూ ఫిర్యాదు చెయ్యలేదు."

"లేదు అన్నాక ఎవరు ఫిర్యాదు చేస్తారు హర్షా? లేచి ఇంటికి పోతారు. పోయినోళ్ళు వచ్చి చెప్పరు గదా."

"ఆలోచిద్దాం," అన్నాడు హర్ష. ఆ మాటకు మన దేశంలో ఉన్న అర్థం అందరికీ తెలిసిందే.

కిందికి దిగి నేను సరోజమ్మకు చెప్పబోయాను. "అది నల్ కాదు సరోజమ్మా, ఇంగ్లీషు నల్. దానికి అర్థం..."

"ఆపు సామీ," అంది. "నువ్వు ప్రతి మాటకీ రెండర్థాలు చెప్తావు. మొన్న మా చెల్లెలి కూతురి పత్రిక ఇస్తా 'ఇది శుభలేఖ, విడదీస్తే శుభం లేక' అన్యావు. నిన్ను నమ్మి నీళ్ళొదులుకునేదానికి మాకు నీళ్ళు కూడా లేవు."

జీవితమంతా చమత్కారాలు చేసినందుకు నా మీద పడిన మొదటి జరిమానా అది.

మరునాడు ప్రెస్సులో కూర్చున్నానన్న మాటే కానీ, మనసంతా ఆ "తెలియలేదు" మీదే ఉంది. నంద్యాలలో కొత్త మనిషి ఎవరైనా వచ్చి ఫలానా వీధి ఎటు అని అడిగితే, తెలియదు అనేవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. తెలిసినవాడు చెయ్యి చూపిస్తాడు. తెలియనివాడు రెండు చేతులూ చూపిస్తాడు. అడిగినవాడు ఊరంతా తిరిగి ఏ వీధో ఒకటి చేరతాడు. మా వృత్తిలోనూ అంతే. రాసిచ్చిన కాగితంలో పేరు అర్థం కాకపోతే అడగాలి. అడిగితే చదువు రాదనుకుంటారని, అయి ఉండొచ్చు అనిపించిన పేరు వేసేస్తారు. మండపంలో కూర్చునే పిల్ల ఒకరు, పత్రికలో పిల్ల ఇంకొకరు. అబద్ధం చెప్పాలని ఎవరికీ ఉండదు. "తెలియదు" అని చెప్పేటప్పుడు మనిషి కొంచెం చిన్నబోతాడు, అంతే. ఆ కొంచెం చిన్నతనం తప్పించుకోవడానికి ఎంత పెద్ద తప్పునైనా మోసేస్తాం. ఆ లైబ్రరీని కూడా రాసింది మనుషులే కదా. తమ సిగ్గు కూడా అందులో రాసిపెట్టారు.

సందులో మాత్రం సంగతి ముదురుతోంది. నీళ్ళు రాలేదు. అన్వర్ పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే సరోజమ్మ దారికడ్డంగా నిలబడింది.

"ఏం నాయనా, మేము నీకేం అన్యాయం చేసినాం? నల్ ఎందుకాపినావు?"

అన్వర్‌కు నిద్ర చాలలేదు. వాడికి సందు కనపడటం లేదు, స్క్రీనే కనపడుతోంది. "అక్కా, అది ఈ నల్ కాదు. నాది వేరే నల్."

"వేరే నల్ కూడా ఉందా నీకు!" సరోజమ్మ వెనక్కి తిరిగి అందరికీ వినపడేటట్టు అంది. "దొంగ కనెక్షన్!"

"కనెక్షన్ కాదక్కా సమస్య. కనెక్షన్ తెగినప్పుడల్లా నల్ వస్తాంది, అది రాకుండా చేస్తాండా."

"తెంపేది కూడా నువ్వేనా!"

వాడు విప్పి చెప్పిన కొద్దీ ముడి బిగిసింది. ఆ సాయంత్రం నుంచి ఖాజాబీకి సందులో ఎవరి పలకరింపూ లేదు. ఆమె తెచ్చిన మల్లెపూలు పళ్ళెంలోనే వాడిపోయాయి.

బుధవారం మధ్యాహ్నానికి అన్వర్ తలుపులన్నీ సరిచేశానన్నాడు. వంటగది తలుపు మూసి ఉంటే ఒక మాట, లోపల పలికేవాళ్ళు లేకపోతే ఒక మాట, అడిగి అడిగి వేళ దాటిపోతే ఒక మాట. ఎక్కడా ఎర్రర్‌ను మింగనీయలేదు. హర్ష కూడా దిగొచ్చాడు. ఆయన మేనమామ ఎవరో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇలాగే ఏదో "లేదు" విన్నాడట. ఎక్కువ చెప్పలేదు. "వెయ్యి. కానీ ఊరికే 'తెలియలేదు' అని వదిలెయ్యకు. తర్వాత ఏం చెయ్యాలో కూడా చెప్పు," అన్నాడు. మంచి మాటే. ఇంక డాక్టరమ్మకు నమ్మొచ్చు అని చెప్పడమే తరువాయి. అన్వర్ సలీంకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. సలీం డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

గంట కాకముందే ఖాజాబీ ఏడుపు మా ఇంటిదాకా వినపడింది. పోయి చూస్తే సంచిలో దుప్పటి, ఫ్లాస్కు, తువ్వాలు కుక్కుతోంది.

"అన్నా, మీ కారు తీయండి. కర్నూలు పోవాల. సలీం చెప్పినాడు."

"ఏం చెప్పినాడు అమ్మీ?" అన్వర్ మెట్లు దిగుతూ అడిగాడు.

"రాయి కోసే మిషన్ చప్పుడు వెనకాల. 'అమ్మీ, డాక్టరమ్మ కర్నూలుకే పొమ్మంటాదనుకో' అన్యాడు. అంతే, తెగిపోయింది. పొమ్మంటాదనుకో అంటే పొమ్మన్నట్టే గదా బేటా!"

అన్వర్ మొహంలో రక్తం లేదు. సలీంకు చేశాడు, కలవలేదు. మళ్ళీ చేశాడు. నేను కారు తాళాలు తెచ్చాను. ఖాజాబీ వెనక సీట్లో సంచితో సహా కూర్చుంది. బండి సందు మలుపు తిరగకముందే అన్వర్ ఫోన్ మోగింది.

"ఏంది భాయ్, ఇన్నిసార్లు చేస్తాండావ్?" అన్నాడు సలీం.

"కర్నూలు పోవాలన్యావంట?"

"యాడన్యా? నేను చెప్పింది సగమే విన్యాది అమ్మీ. 'కర్నూలుకే పొమ్మంటాదనుకొని భయపడితిమి, ఆమె ఈడ్నే చేస్తానన్యాది, పొద్దున బేగా రాండి' అని చెప్తాండా. మధ్యలో నా ఫోన్ సచ్చింది."

ఖాజాబీ "యా అల్లా" అని సీటుకు వాలిపోయింది. నేను బ్రేకు మీద కాలు తీయకుండా గట్టిగా నవ్వాను. అన్వర్ మాత్రం బండి దిగి, తలుపు పట్టుకుని, అలాగే నిలబడిపోయాడు.

"అన్నా," అన్నాడు. "సగం వచ్చి తెగితే?"

"ఏది?"

"అమ్మీకి ఫోన్ అసలు రాకపోయింటే, రాలేదని తెలుస్తుండె. సగం వచ్చింది. ఆ సగాన్నే మొత్తం అనుకున్యాది. నా లైబ్రరీ కూడా అంతే చేస్తాది! జవాబు అసలు రాకపోతే ఏం చేయాలో అంతా రాసినా. సగం వచ్చి తెగితే ఏం చేయాలో రాయల్యా." వాడు కారు తలుపు మీద వేలితో వరసగా గీతలు గీసి చూపించాడు. "రక్తం గ్రూపులు ఎ నుంచి వరసగా చదువుతాది అన్నా. ఓ నెగటివ్ అన్నిటికంటే చివర. మధ్యలో తెగితే ముందరివన్నీ ఉంటాయి, చివరిది ఉండదు. స్క్రీన్ నిండుగా కనపడుతాది. ఎవరికీ అనుమానం రాదు."

ఖాళీ స్క్రీన్ చూస్తే కనీసం కన్ను పడుతుంది. సగం నిజం మాత్రం నిండు కుండలా కూర్చుంటుంది. వాడు చెప్పులు కారులోనే వదిలేసి మెట్లెక్కి పరుగెత్తాడు. పొద్దుగూకే వేళకు ఆ పని కూడా ముగించి, కిటికీలోంచి నాకు చెయ్యి ఊపాడు. కింద నిలబడ్డ సరోజమ్మ ఆ ఊపును కూడా వాడి నేరాల లెక్కలోనే రాసుకుంది.

గురువారం తెల్లవారుతూనే ముగ్గురం ఆళ్ళగడ్డ బయల్దేరాం. శిరివెళ్ళ దాటాక ఖాజాబీ మాట్లాడటం మానేసి తస్బీ పూసలు తిప్పుతూ జపం చేయడం మొదలుపెట్టింది. ఊళ్ళోకి రాగానే దారి పక్కన శిల్పాల అంగళ్ళు. ఇంకా కళ్ళు చెక్కని దేవుళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఏమీ చూడకుండానే అందరూ మమ్మల్నే చూస్తున్నట్టు అనిపించింది. సలీం నర్సింగ్ హోమ్ గేటు దగ్గర ఎదురొచ్చాడు. కనురెప్పల మీద రాతి పొడి ఇంకా పోలేదు.

నిలోఫర్ లోపలి గదిలో పడుకుని ఉంది. అన్నను చూసి "నీ కంప్యూటర్‌కు బుద్ధి వచ్చిందా?" అంది.

"వస్తాంది," అన్నాడు అన్వర్.

నర్సు కంప్యూటర్ ముందు కూర్చుంది. డాక్టర్ జెస్సికా ఆమె వెనక నిలబడి కళ్ళద్దాలు సర్దుకుంది. నర్సు మీట నొక్కింది. స్క్రీన్ మీద చక్రం తిరిగింది. తిరిగింది. ఎ పాజిటివ్ ఉంది, ఎ నెగటివ్ ఉంది, బి పాజిటివ్ ఉంది. అక్కడ ఆగింది. ఖాజాబీ సలీం చెయ్యి పట్టుకుంది. పోయిన వారమైతే ఆ పట్టిక అంతటితో ముగిసి, నిండుగా, మర్యాదగా, అబద్ధంగా కూర్చునేది. ఇప్పుడు దాని కింద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

"మిగతావి తెలియలేదు. జవాబు సగంలో తెగిపోయింది. నంద్యాలకు ఫోన్ చేసి, ఫ్రిజ్ తెరిచి చూడమనండి."

అన్వర్ స్క్రీన్ వైపు చూడకుండా డాక్టరమ్మ మొహం వైపే చూస్తున్నాడు. తన పనిమీద కాదు, తన చెల్లెలి మీద తీర్పు వినేవాడిలా.

డాక్టర్ జెస్సికా రెండోసారి చదివింది. "తెలీకపోతే తెలీలేదు అంటాంది," అంది. "ఇట్ల చెప్పేవాళ్ళతో పని చేయచ్చు." ఫోన్ తీసి నంద్యాలకు కలిపింది. "వినీత్, స్క్రీన్ చూడద్దు. ఫ్రిజ్ తలుపు తీయి."

ఈసారి వినీత్ చల్లదనం మాట ఎత్తలేదు. ఓ నెగటివ్ ఉంది. నిలోఫర్ రక్తంతో సరిపోల్చడం ముందురోజే అయిపోయింది కాబట్టి, ఐసు పెట్టెలో పెట్టి బండెక్కించాడు. ఆ బండి వచ్చేదాకా మేము గేటు దగ్గరే నిలబడ్డాం. రోడ్డు మీద వచ్చే ప్రతి తెల్లబండినీ చూసి సలీం ఒక అడుగు ముందుకు వేసేవాడు, ఒక అడుగు వెనక్కి. పెట్టె లోపలికి పోయాకే తలుపు మూశారు.

తలుపు వెనక సంగతి మాకు తర్వాత నర్సు చెప్పింది. ఈసారీ రక్తం తొందరగా ఆగలేదట. పెట్టెలో వచ్చింది పూర్తిగా వాడాల్సి వచ్చిందట. మాకు వినపడింది మాత్రం ఒక ఏడుపు. సన్నగా మొదలై, మధ్యలో తెగకుండా, చివరిదాకా వచ్చింది. ఆడపిల్ల.

ఖాజాబీ బిడ్డను ఎత్తుకుంది. సలీం తల్లి పక్కనుంచి "ఎవరి పోలిక?" అని అడిగింది. ఖాజాబీ ఆ ఎర్రటి మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో ఒక పేరు చెప్పేస్తుందనుకున్నాను. "ఇంగా తెలీల్యా," అంది, నవ్వుతూ. నిలోఫర్ కళ్ళు తెరిచి డాక్టరమ్మ చెయ్యి వెతుక్కుంది. డాక్టరమ్మ ఇచ్చింది.

ఖాజాబీని కూతురి దగ్గర వదిలి, సాయంత్రానికి అన్వర్, నేను నంద్యాల చేరాం. సందులోకి మలుపు తిరగగానే బ్రేకు వేశాను. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఖాళీ బిందెలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక సందు మొత్తం. ముందు సరోజమ్మ.

"దిగు," అంది అన్వర్‌తో. "నల్ ఇడిసి లోపలికి పో."

వాడు దిగాడు. చాలా రోజుల తర్వాత వాడి కళ్ళకు మనుషులు కనపడ్డారనుకుంటాను. బిందెలు చూశాడు, అందరి మొహాలూ చూశాడు. కోపం రాలేదు. బిందెలు దాటి నల్ దగ్గరికి పోయి తిప్పాడు.

స్‌స్‌స్.

"సరోజక్కా, నీళ్ళు ఉండాయా?"

"లేవు. కనపడ్తల్యా?"

"యాడ లేవు? ట్యాంకులో లేవా? ట్యాంకులో ఉండి, మధ్యలో పైపు పగిలిందా? లేకుంటే ఇడిసేవాడు ఇడవల్యా?"

సరోజమ్మ బిందెల వైపు చూసింది. నల్ మూతి కింద చెయ్యి పెట్టి చూసింది.

"తెలీదప్పా," అంది చివరికి, నెమ్మదిగా.

"అదే అక్కా. ఆ ఒక్క మాట నా లైబ్రరీకి చెప్పడం రాకపోయె. వారం నుంచి నేను చేస్తాండేది దానికి ఆ మాట నేర్పించడమే." వాడు నల్ కట్టేసి, దాని పక్కనే చప్టా మీద కూర్చున్నాడు. మొదటినుంచీ చెప్పాడు. పుస్తకాల్లేని లైబ్రరీ, ఆళ్ళగడ్డ స్క్రీన్, ఫ్రిజ్‌లో ఉండి కూడా "లేదు" అయిన రక్తం, కర్నూలు పోనని ఏడ్చిన నిలోఫర్, పొద్దున్నే వచ్చిన ఎర్రటి అక్షరాలు, బిడ్డ. "కంప్యూటర్‌లో ఏమీ లేదు అనేదానికి ఇంగ్లీషులో నల్ అంటారు అక్కా. రక్తం ఉండి కూడా ఆ నల్ వస్తాండె. అది రాకుండా ఆపుతానన్యా. మన నల్‌ను నేను తాకను కూడా తాకల్యా."

సరోజమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిలోఫర్ బాగుందా?"

"బాగుంది."

"మరి ముందే చెప్పేదానికేం రోగం?"

"చెప్తి గదక్కా, వేరే నల్ అని."

నన్ను చూసింది సరోజమ్మ. "నువ్వు కూడా చెప్పబోయినావు గదా," అంది. నేను కారు తాళాలు జేబులో వేసుకున్నాను. ఒక్కోసారి మాట రాకపోవడంలోనే ఎక్కువ హాయి ఉంటుంది.

ఆమె ఒక బిందె ఎత్తి బోర్లించి, దాని మీదికెక్కి నిలబడింది. వెనక వరసలో సగం మందికి అన్వర్ చెప్పింది వినపడలేదు. పాలు పితికి అప్పుడే వచ్చిన గురవమ్మకైతే ఏమీ తెలియదు.

"అందరూ వినుకోండి! మనం విన్యాది ఒగటి, వాడన్యాది ఒగటి! వాడు ఆపింది మన నల్ కాదు. ఇంగ్లీషోళ్ళ నల్. ఆ నల్ అంటే ఏమీ లేకపోవడమంట. ఉండేదాన్ని కూడా లేదు లేదని కంప్యూటర్ చెప్తాంటే దాని నోరు మూయించినాడు. దాంతోనే మన నిలోఫర్ బతికింది, పాప పుట్టింది. మన పైపు యాడ తెగిందో మనకు తెలీదు, పొద్దున్నే పోయి చూసొద్దాం. ఇప్పుడు బిందెలు తీసి పిల్లోణ్ణి ఇంట్లోకి పోనీయండి!"

గురవమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని, పొడిగా ఉన్న నల్ వైపు చూసింది.

"ఏమీ లేకపోతే నల్ అంటారంటనా? అట్లయితే మనం తప్పు యాడ విన్యాం సరోజక్కా? మనది కూడా ఆ నల్లే గదా!"